ముక్కుకు అంగుళం దూరంలో

పొద్దున పూట మా కాలనీ పార్కులో నేను కటా చేసుకుంటుంటే కుర్రపిల్లలు చుట్టూ చేరి ఒకటే ప్రశ్న వేస్తారు. "ఆంటీ, గాలిలో ఇలా చేతులు తిప్పితే, నిజంగా ఎవడన్నా మీదికొస్తే పనికొస్తుందా?" అరవై దాటిన మనిషిని అమ్మమ్మా అనకుండా ఆంటీ అన్నందుకు ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నాను. అదే ఒకప్పుడైతే, ఈ ప్రశ్న అడిగినవాళ్ల చేత యాభై గుంజీలు తీయించేదాన్ని. నిజంగానే తీయించాను కూడా. ఆ గుంజీలు తీసినావిడ కథే ఇది.

కటా అంటే కనబడని శత్రువుతో కొట్లాట. ఎదురుగా ఎవరూ ఉండరు. ఉన్నారనుకుని, ఒక వరుస ప్రకారం అడుగు వేయాలి, దెబ్బను అడ్డుకోవాలి, గుద్దాలి, తిరగాలి. నేను నేర్పే మొదటి కటాలో ఇరవై ఒక్క కదలిక. ఎక్కడ మొదలుపెట్టామో చివరికి అక్కడికే వచ్చి నిలబడి, వంగి దణ్ణం పెట్టాలి. కాలేజీ రోజుల్లో నాకొచ్చిన పతకాలన్నీ ఇందులోనివే. కరాటేలో ఎదుటి మనిషితో తలపడే పోటీలు వేరే ఉంటాయి. వాటి జోలికి నేను వెళ్లలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "కటాలో ఉన్న కళ వాటిలో ఎక్కడుందండీ" అనేదాన్ని. అసలు సంగతి వేరు. మొహం మీదికి చెయ్యి వస్తే నాకు భయం. ఈ ఒక్క ముక్క ఒప్పుకోవడానికి నాకు ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా పట్టింది.

తొంభైల చివర మాట. మాదాపూర్‌లో అద్దాల భవనాలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. పేపర్లో ఫోటోలు చూసి మా రాజమండ్రి చుట్టాలు వస్తే, బస్సు దిగగానే బండరాళ్లూ దుమ్మూ నీళ్ల ట్యాంకర్లూ కనిపించి, "పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదేనేమిటే" అని నవ్వేవారు. నాకు మాత్రం ఆ దుమ్ములోనే ఉద్యోగం దొరికింది. ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో గార్డులకు శిక్షకురాలిని. యజమాని సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చినాయన. మీసం మెలితిప్పితే గానీ మాట మొదలుపెట్టేవారు కాదు. నన్ను తీసుకున్న రోజే నియమం చెప్పారు.

"చూడమ్మా, మన గార్డు ఎవరి మీదా చెయ్యి చేసుకోకూడదు. దెబ్బ తగిలిందో, పోలీసు కేసు. కేసయిందో, వాళ్ల ఉద్యోగం అక్కడితో సరి."

"మరి కరాటే ఎందుకు సార్?"

"క్లయింటుకు చూపించడానికమ్మా. పన్నెండు మంది ఒక్కసారి కాలు ఎత్తి ఒక్కసారి దింపితే, చూసేవాడికి ధైర్యం వస్తుంది."

నాకు ఆ మాట తప్పుగా అనిపించలేదు. చూపించడం నాకు బాగా వచ్చు కదా.

నా చేతికి ఇచ్చింది పన్నెండు మంది ఆడవాళ్లను. అప్పట్లో ఆడ గార్డు అంటే ఆడవాళ్ల సంచులు తడిమి చూడటానికే. పెద్ద గేటు దగ్గర, వాహనాలు వెళ్లేచోట, మగవాళ్లే ఉండేవారు. జీతం కూడా గేటు మీద ఉన్నవాళ్లకే కాస్త ఎక్కువ. నా పన్నెండు మందీ పాలమూరు, మెదక్, నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్లు. నిన్నమొన్నటి దాకా కట్టుబడి పనుల్లో ఉన్నవాళ్లు. మొదటిసారి ప్యాంటు తొడుక్కున్న రోజు అందరూ ఒకరి వెనక ఒకరు దాక్కుని, గదిలోంచి బయటికి రావడానికే గంట పట్టింది.

వాళ్లలో పాలమూరు ఆమె ఒకతి. ముప్పై లోపే ఉంటుంది వయసు. మేము కాపలా కాయబోయే భవనానికే అంతకుముందు తట్ట మోసింది. "ఆరో అంతస్తుకు సిమెంటు మాలు మోసింది నేనే మేడం" అని వేలు పెట్టి చూపించేది, అదేదో తన సొంత ఇల్లన్నట్టు. కట్టుబడి కూలీల సంగతి మీకు తెలుసో లేదో, ఒక భవనం అయిపోగానే గుడిసె పీకి ఇంకో చోటికి పోవాలి. పిల్లల బడి కూడా అక్కడితో అయిపోతుంది. ఈ ఉద్యోగం ఎందుకు కావాలని మొదటి రోజు అడిగితే ఆమె చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది.

"మా బిడ్డకు ఇది నాలుగో బడి మేడం. ఇగ ఐదో బడి వద్దు."

అంత కష్టపడే మనిషి, కానీ నోరు ఊరుకునేది కాదు. నేను కటా నేర్పుతుంటే మధ్యలో చెయ్యి ఎత్తేది. "మేడం, వాడు ఎదురుంగనే ఎందుకొస్తడు? ఎన్కనుంచి జుట్టు వట్కుంటె?" ముందు ఇది సరిగ్గా చెయ్యమనేదాన్ని. మర్నాడు ఇంకోటి. ఒక పిడికిలి ముందుకు గుద్దుతున్నప్పుడు రెండో పిడికిలిని నడుము దగ్గరికి లాక్కుంటాం. అది చూసి, "గీ చెయ్యి నడుము కాడికి ఎందుకు గుంజుకుంటున్నం?" అంది.

"అలాగే లాగాలి. జపాన్ వాళ్లు అలాగే లాగుతారు."

"మరి జపానోళ్లు ఎందుకు గుంజుతరు?"

నాకేం తెలుసు? నా గురువుగారు లాగమన్నారు, నేను లాగాను, పతకం వచ్చింది. ఆ మాట చెప్పలేక కోపం తెచ్చుకున్నాను. ఇంకో రోజు అడగనే అడిగింది, "ఇదంత నిజంగ కొట్లాటల పనికొస్తదా మేడం?" అని. యాభై గుంజీలు. పాపం, కిక్కురుమనకుండా తీసింది.

ఇంకో నియమం నా సొంతం. ఇద్దరేసి ఎదురెదురుగా నిలబడి గుద్దులు సాధన చేసేటప్పుడు, పిడికిలి ఎదుటివాళ్ల ముక్కుకు అంగుళం దూరంలో ఆగిపోవాలి. ఎంత వేగంగా వెళ్లినా సరే, అక్కడ ఆగాలి. తగిలిందో, ఇరవై గుంజీలు. నెల తిరిగేసరికి వాళ్ల చేతులు గీత గీసినట్టు ఆగేవి. నా క్లాసులో ఇంతవరకు ఒక్క ముక్కూ పగల్లేదని అందరికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

మా ఏజెన్సీ వ్యాను నడిపే ఆయన ఇదంతా స్టీరింగు మీద గడ్డం ఆనించుకుని చూస్తుండేవాడు. వయసులో ఉండగా పాతబస్తీ తాలింలో కుస్తీలు పట్టిన మనిషి. చెవులు నలిగి నలిగి పకోడీల్లా అయిపోయాయి. అందరూ పహిల్వాన్ అన్నా అని పిలిచేవాళ్లు. ఒకరోజు నన్ను దింపుతూ అన్నాడు.

"మేడం, గాలి మంచిది."

"ఏమిటన్నా?"

"గాలిని ఎంత గుద్దినా మల్ల తిరిగి కొట్టది."

ఆ రోజు నుంచి వారం రోజులు ఆయన వ్యాను ఎక్కకుండా ఆటోలో వెళ్లాను. నా తిక్క అలాంటిది.

మూడో నెలలో క్లయింటు తరఫున మేనేజరు గారు చూడటానికి వచ్చారు. గోదావరి జిల్లాల వైపు మనిషే, మాటకు ముందొక అండి, వెనకొక అండి. మా పన్నెండు మందీ దుమ్ము లేచేలా కటా చేశారు. ఆఖరి అరుపుకు పక్కనున్న చెట్టు మీద కాకులు లేచిపోయాయి. మేనేజరు గారు చప్పట్లు కొట్టి, "అద్భుతమండీ. వీళ్లను పెద్ద గేటు మీద పెట్టి చూద్దామండీ, మూడు నెలలు" అన్నారు. సుబేదారు గారు మీసం రెండు వైపులా తిప్పారు. ఆ సాయంత్రం పాలమూరు ఆమె అందరికీ మిర్చి బజ్జీలు తెచ్చిపెట్టింది. నేను మాత్రం నా కటాకు ఇంకో పతకం వచ్చిందన్నట్టే తిరిగాను.

రెండు నెలలు సాఫీగా గడిచాయి. తర్వాత ఒక గురువారం మధ్యాహ్నం, ఒక కాంట్రాక్టరు మినీ లారీ బయటికి వెళ్లబోయింది. పాసులో చిత్తు సామాను అని రాసుంది. పైన విరిగిన ప్లైవుడ్ ముక్కలు, ఖాళీ సిమెంటు సంచులు. గేటు మీద పాలమూరు ఆమె ఉంది. జరిగింది నాకు తర్వాత నలుగురూ చెప్పారు.

"పైనున్నది చూసిన. కింద ఏమున్నదో చూపియ్యి" అంది.

లారీ నడిపేవాడు దిగాడు. మనిషి దిట్టం. "నిన్నటిదాంక తట్ట మోసినవు. నువ్వు నన్నడుగుతవా?" అని భుజం మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోశాడు.

ఆమె ఒక అడుగు వెనక్కి పడి, నిలదొక్కుకుని, అడుగు ముందుకు వేసి గుద్దింది. అడుగు సరిగ్గా పడిందట, నడుము సరిగ్గా తిరిగిందట, అరుపు కూడా సరిగ్గా వచ్చిందట. పిడికిలి వాడి ముక్కుకు అంగుళం దూరంలో ఆగిపోయింది.

వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. ముక్కు తడుముకున్నాడు. ఉంది. "గింతేనా?" అని పగలబడి నవ్వాడు. చుట్టూ టీ తాగుతున్న మగవాళ్లూ నవ్వారు. వాడు రెండు చేతులతో ఆమెను కంకర మీదికి తోసేసి, గేటు అడ్డకర్ర తనే పైకి ఎత్తి లారీతో వెళ్లిపోయాడు. సాయంత్రానికి స్టోర్‌లో రెండు చుట్టల రాగి కేబులు తగ్గిందని తేలింది. తన లారీలో పోలేదని కాంట్రాక్టరు ఒట్టేశాడు. కాదని చూపించడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

మర్నాడు నేను ఏం చేశానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆమెను ఓదార్చలేదు. మోచేతులకు కట్లు కట్టుకుని వచ్చిన మనిషిని పదకొండు మంది ముందు నిలబెట్టి అరిచాను. ఇంత నేర్పితే నలుగురిలో నవ్వులపాలు చేశావన్నాను. కొడితే ఉద్యోగం పోతుందని భయపడి ఆపేశావు కదూ, ధైర్యం లేనిదానివి గేటు మీద ఎందుకు నిలబడ్డావన్నాను. ఆమె తల ఎత్తి నా వంక చూసింది.

"లే మేడం. కొడ్దామనే అనుకున్న. నౌకరి వోతె వోనీ అనుకున్న. నేను ఆపలె. చెయ్యే ఆగింది."

ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లను చూశాను గానీ, మద్దెలను చేసిందీ నేనే, ఓడు అంటున్నదీ నేనే. ఐదు నెలలు రోజూ ఆ చేతికి ఆగమని నేర్పాను. అది బుద్ధిగా ఆగింది. తప్పు చేసింది ఆమె చెయ్యి కాదు.

మేనేజరు గారి గదికి సుబేదారు గారూ నేనూ వెళ్లాం. ఆయన గట్టిగా ఏమీ అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది. "మీవాళ్లు డాన్సు బాగా చేస్తారండి మేడం గారూ. గేటు దగ్గర డాన్సు ఎందుకండీ మనకి? మూడు నెలలూ అవనివ్వండి. నెలాఖరుకి మగవాళ్లని పెట్టేద్దామండీ." సంచులు చూసే పని కూడా అప్పటికే వేరే ఏజెన్సీకి మాట్లాడేశారట. అంటే పన్నెండు మందికీ పని లేనట్టే. బయటికి వచ్చాక సుబేదారు గారు ఆ రోజు మీసం ముట్టుకోలేదు.

పాలమూరు ఆమెకు ఈ కబురు నేనే చెప్పాను. ఏడవలేదు, తిట్టలేదు. "అయితె పరీక్షలు అయ్యేదాంక కూడ ఉండం గదా మేడం" అని మాత్రం అంది. తన పరీక్షలు కావు, కూతురివి.

ఆ సాయంత్రం వ్యాను ఎక్కి పహిల్వాన్ పక్క సీట్లో కూర్చున్నాను. కొండాపూర్‌లో మా ఏజెన్సీ షెడ్డు ముందు బండి ఆపాక అడిగాను.

"అన్నా, నాకు కొట్టడం నేర్పుతావా? నేను ఇంతవరకు ఎవరినీ కొట్టలేదు."

ఆయన నవ్వి ఉంటే నేను ఇంకో వారం ఆటోలో తిరిగి, ఈ కథ అక్కడితో అయిపోయేది. నవ్వలేదు. "రేపు పొద్దుగాల ఆరింటికి రాండ్రి" అన్నాడు అంతే. ఆ మనిషి గొప్పతనం ఇప్పటికీ తలచుకుంటాను.

పొద్దున వెళ్లేసరికి షెడ్డు దూలానికి గోనెసంచి వేలాడుతోంది. నిండా రంపపు పొట్టు. పతకాలు గెలిచిన చేత్తో, పతకాలు తెచ్చిన గుద్దు ఒకటి వేశాను. మణికట్టు మడతపడి కళ్లలో నీళ్లు తిరిగాయి. సంచి ఇంత కూడా కదల్లేదు. పహిల్వాన్ నా చేతి వంక చూడలేదు, మొహం వంక చూశాడు.

"చెయ్యి తర్వాత సంగతి మేడం. ముందుగాల కండ్లు. మీరు మూసుకుంటున్రు."

మూడు రోజులు అదే పాఠం. ఎదురుగా నిలబడి తన అరచెయ్యి నా మొహం మీదికి మెల్లగా తెచ్చేవాడు. నేను మూసుకునేదాన్ని. మళ్లీ తెచ్చేవాడు. మళ్లీ మూసుకునేదాన్ని. "ఫికర్ జెయ్యకుండ్రి, అందరు మూసుకుంటరు. మల్ల తెరవాలె, గంతే" అనేవాడు. నాలుగో రోజు నుంచి సంచి కదలడం మొదలైంది. అంతలో ఒక పొద్దున, నేను అలవాటుగా కటా చేసుకుంటుంటే ఆయన సంచి పక్కనుంచి లేచి వచ్చాడు.

"గీ చెయ్యి ఖాలీగ ఎందుకొస్తుంది మేడం?"

నడుము దగ్గరికి లాక్కునే పిడికిలి సంగతే. ఆమె అడిగిందే మళ్లీ ఈయన. ఈసారి గుంజీలు తీయించే ఓపిక నాకు లేదు. తెలియదన్నా అన్నాను.

ఆయన తన మణికట్టు నా చేతికి ఇచ్చాడు. "పట్కోండ్రి. ఇగ అట్లనే చెయ్యుండ్రి." పట్టుకుని, ఎప్పుడూ చేసినట్టే నడుము దగ్గరికి లాగాను. అంత భారీ మనిషి తూలి ముందుకు వచ్చాడు. ఆయన మొహం తనంతట తానే నా రెండో పిడికిలి ముందుకు వచ్చి నిలబడింది. "అరె, కుస్తీల మేము చేసేది గిదే గదా!" అన్నాడాయన, పోయిన వస్తువేదో దొరికినట్టు.

ఆ రోజు నా ఇరవై ఒక్క కదలికలూ ఒక్కొక్కటే ఆయన ఒంటి మీద చేసి చూశాం. అడ్డుకోవడం అనుకున్నది చెయ్యి విడిపించుకోవడంగా తేలింది. ఊరికే తిరగడం అనుకున్నది మనిషిని పడేయడం. కటాలో లోపం లేదు. అందులోంచి అవతలి మనిషిని తీసేసింది నేను. ఆ మనిషిని మళ్లీ తెచ్చి పెట్టగానే అదంతా కొట్లాటే.

నెలాఖరుకు పదిహేను రోజులుంది. పన్నెండు మందినీ కూర్చోబెట్టి ముందు క్షమాపణ చెప్పాను. నేను నేర్పింది సగమే అన్నాను, మిగతా సగం నాకూ మొన్ననే తెలిసిందన్నాను. టీచరు నోటి నుంచి ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదేమో, వాళ్లు ఇబ్బందిగా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాలమూరు ఆమె మాత్రం లేచి, "అయితె నా గుంజీలు వాపస్ ఇస్తరా మేడం?" అంది. అందరూ నవ్వారు. నేను చున్నీ నడుముకు బిగించి యాభై తీశాను. ముప్పై దాటాక పహిల్వాన్ లెక్కలో నాలుగు ఎగ్గొట్టి నన్ను కాపాడాడు.

ఇక ఆ పదిహేను రోజులూ చూడాల్సిందే. పహిల్వాన్ పొట్టకు పాత బొంత చుట్టి తాడుతో కట్టేవాళ్లం. కటా అదే, లెక్క అదే, కానీ ఇప్పుడు ప్రతి కదలికకీ పట్టుకోవడానికి ఒక చెయ్యి, తోయడానికి ఒక ఒళ్లు ఉండేది. పాలమూరు ఆమె మొదటిసారి ఆయన మణికట్టు పట్టి లాగినప్పుడు, "ఇది బాయిలకెల్లి చేద గుంజినట్టే గదా మేడం! గిది నాకు చిన్నప్పటి సంది వచ్చు" అని అరిచింది. తట్టలు మోసిన మెడలు, నీళ్లు చేదిన భుజాలు వాళ్లవి. బలం నేను ఇవ్వక్కర్లేదు, వాళ్ల దగ్గరే ఉంది. మూడో రోజు ఆమె గుద్దుకు గోనెసంచి కుట్లు ఊడి రంపపు పొట్టు అందరి మీదా కురిసింది. అప్పుడు నాకు కలిగిన గర్వం ముందు నా పతకాలు నిజంగానే రేకు ముక్కలు.

నెలాఖరుకు ఇంకా రెండు రోజులుంది. మధ్యాహ్నం భోజనాల వేళ. నేనూ పహిల్వానూ వ్యాను పక్కన నిలబడి ఉన్నాం. అదే మినీ లారీ, అదే మనిషి, అదే చిత్తు సామాను. గేటు మీద పాలమూరు ఆమె. లారీ వెనకే మేనేజరు గారి కారు, ఆయన ఇంటికి భోజనానికి వెళ్తున్నారు, దారి లేక ఆగిపోయింది.

"కింద ఏమున్నదో చూపియ్యి" అంది ఆమె. గొంతు పెంచలేదు.

వాడు దిగుతూనే నవ్వు మొదలుపెట్టాడు. "ఏందీ, ఇయ్యాల కూడ గాలిని కొడ్తవా?" అంటూ, భుజం తోయడానికి చెయ్యి చాచాడు. నేను ఒక అడుగు వేశాను. పహిల్వాన్ నా దారికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "ఆగుండ్రి మేడం. చూడుండ్రి."

చాచిన చెయ్యి ఆమె భుజం దాకా రాలేదు. మణికట్టు దగ్గర పట్టుకుని నడుముకేసి లాగింది, అదే అడుగు వేసింది. వాడు తూలి ముందుకు వచ్చాడు. రెండో పిడికిలి వాడి ముక్కు మీదికి వెళ్లింది. అంగుళం దూరంలో ఆగింది.

మళ్లీ ఆగిందే అనుకున్నాను.

కానీ వాడు ఈసారి నవ్వలేదు. చెయ్యి విడిపించుకోబోయాడు, రాలేదు. మొహం వెనక్కి తీసుకోబోయాడు. ఆమె ఇంకాస్త లాగింది, మొహం మళ్లీ పిడికిలి ముందుకే వచ్చింది. ఆమె కళ్లు వాడి కళ్లలోనే ఉన్నాయి. టీ గ్లాసులు పట్టుకున్నవాళ్లు తాగడం మానేశారు. వెనకనుంచి హారన్ కొడుతున్న మేనేజరు గారి డ్రైవరు కూడా ఆపేశాడు.

"తాళ్లు ఇప్పు" అంది ఆమె.

వాడు అక్కడే నిలబడి, "నాకేం ఎరుకలే, నేను కేబుల్ గీబుల్ ఏం వెట్టలే" అనేశాడు. కేబులు మాట ఆ పూట ఎవరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అనకముందే తడుముకున్నాడు. మిగతా ఆడవాళ్లు లారీ ఎక్కి ప్లైవుడ్ తీశారు. కింద మూడు చుట్టలు, కొత్తవి, కాగితం కూడా విప్పనివి.

మేనేజరు గారు కారు దిగి, ఆ చుట్టలు చూసి, ఆమెను చూసి, నా దగ్గరికి వచ్చారు. "మొన్న నేనొక మాట అన్నానండి, అది వెనక్కి తీసుకుంటున్నానండి" అన్నారు. "పన్నెండు మందీ గేటు మీదే ఉంటారండి." ఆ పూట ఆయన భోజనానికి వెళ్లలేదు. పోలీసులకు ఫోను చేసి, వాళ్లు వచ్చేదాకా మాతోపాటే గేటు దగ్గర నిలబడ్డారు. పోలీసులు వచ్చి అడిగినప్పుడు వాడి ఒంటి మీద గీత కూడా లేదు. ఆమె మీద రాయడానికి వాళ్లకు ఒక్క ముక్క దొరకలేదు.

అంతా సద్దుమణిగాక ఆమెకు టీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఉండబట్టలేక అడిగేశాను. "మళ్లీ చెయ్యి ఆగిపోయిందా?"

"లే మేడం. ఈసారి నేనే ఆపిన."

"ఎందుకు?"

ఆమె టీ ఊదుకుంటూ, పిల్లకు కూడికలు చెప్పినట్టు చెప్పింది. "కొడితె నా నౌకరి వోతుండె. ఆపితె వాని ఇజ్జత్ వొయింది."

ఆమె కూతురు ఐదో బడికి వెళ్లలేదు. నాలుగో బడిలోనే పది పాసైంది. పహిల్వాన్ అన్న ఆ తర్వాత కొన్నేళ్లకు పని మానేశాడు, ఇప్పుడు లేడు. మా షెడ్డులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం కళ్లు తెరిచి ఉంచడమే, అది ఆయన పెట్టిపోయిన పద్ధతి. తర్వాత సంచి, తర్వాత కటా, ఆఖరున అంగుళం. గుద్దు ఇంకా చేతికి రానివాళ్లకు నేను అంగుళం నేర్పలేదు.

నేను రిటైరైన రోజున షెడ్డులో చిన్న సభ పెట్టారు. పాలమూరు ఆమె అప్పటికి సూపర్వైజరు, కింద నలభై మంది. దండలూ శాలువాలూ అయ్యాక మైకు పక్కన పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "కొత్త పిల్లలకు చూపియ్యాలె మేడం. జర కదలకుండ్రి" అంది. ఆమె సంచి కుట్లు తెంపిన మనిషి. చెప్పిందే తడవు పిడికిలి వచ్చింది. వచ్చిన గాలి నా ముక్కు కొసకు తగిలింది.

నేను కళ్లు మూసుకోలేదు.